కొట్టివేసిన మాటలు : పాట్నా ‘సెర్చ్‌లైట్’ పత్రిక వ్యాజ్యము

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున వెలువడు సంచికకు చరిత్ర సంబంధమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరిరి. గ్రామచరిత్రమును గూర్చియు, దేవాలయమును గూర్చియు వ్రాయుటకు నాకంటె తగిన పెద్దలు కలరు. కావున నేను మన పఠనమందిరపు బల్లమీద ప్రతి ఉదయమును పరచబడు వార్తాపత్రికను గూర్చి వ్రాయ సంకల్పించితిని. పుస్తకము బీరువాలోనుండి ఎన్నడో ఒకనాడు బయటికి వచ్చును. పత్రిక కొఱకు మాత్రము తెల్లవాఱగనే వేచియుండు పాఠకులు మనలో ఎందఱో. అది మన చేతికి వచ్చుటకు పూర్వము ఏయే వాకిళ్లు దాటవలెనో, ఏ వాకిట నిలుపబడునో తలపోయుట మాత్రము అరుదు.

గ్రంథాలయోద్యమమునకును పత్రికలకును గల చుట్టఱికము మనకు క్రొత్తది గాదు. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1908లో బెజవాడనుండి వెలువడుచుండిన ‘స్వరాజ్య’ తెలుగు వారపత్రికలోని వ్రాతకై రాజద్రోహనేరము మోపబడి చెఱసాల కేగిరి. ఆ మహాశయులే పిదప ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు నాయకులై, వయోజనవిద్యకై జీవితము ధారవోసిరి. పత్రికకై సంకెల తొడిగించుకొనిన చేతులే మన పల్లెలకు పుస్తకములు పంచినవన్నమాట.

అయితే అది పరాయివారి ప్రభుత్వము. పరప్రభుత్వము పత్రికను బంధించుటలో వింత లేదు. మనము మన వోట్లతో ఎన్నుకొనిన శాసనసభయే, మనము వ్రాసికొనిన రాజ్యాంగము క్రిందనే, ఒక పత్రికాసంపాదకుని బోనులో నిలుపబూనినపుడు ఏమి జరిగినది? నేను చెప్పదలచిన కథ ఇది. ఇది బీహారు రాష్ట్రమున జరిగినది. మనకు దూరపు కథయే. కాని దీని నట్టనడుమ మన రాజమహేంద్రవరమున పుట్టిన మహనీయుడొకడు నిలిచియున్నాడు. ఆయన ప్రసక్తి దాని చోట వచ్చును.

బీహారు ఒరిస్సాలు 1912లో వంగరాష్ట్రమునుండి విడిపోయి వేఱొక రాష్ట్రమయ్యెను. ఆ మఱుసటి సంవత్సరమే, 1913లో, మనవారు బాపట్లలో ప్రథమాంధ్రమహాసభ జరిపిరి. కలకత్తా నీడనుండి తొలగుటకు వారును, మద్రాసు నీడనుండి తొలగుటకు మనమును, ఇంచుమించు ఒక్క కాలముననే తహతహలాడితిమి. బీహారు వేర్పాటునకై పాటుపడినవారిలో అగ్రేసరులు సచ్చిదానంద సిన్హాగారు. రాష్ట్రము వచ్చినంతమాత్రమున గొంతుక రాదు. గొంతుక కావలెనన్న పత్రిక కావలెను. అట్టి తలంపుతో ఆయనయు, ఆయన మిత్రులును 1918లో పాట్నా నగరమున ‘సెర్చ్‌లైట్’ అను ఆంగ్లపత్రికను స్థాపించిరి. సెర్చ్‌లైట్ అనగా రాత్రివేళ ఓడలమీదను, కోటబురుజులమీదను నలుదిక్కులకు త్రిప్పుచు, చీకటిలో దాగినదానిని పట్టిచూపు పెద్దదీపము. మొదట అది దినపత్రిక కాదు, కొంతకాలమునకు దినపత్రికయైనది.

బీహారువారి భాష హిందీ గదా, పత్రిక ఆంగ్లమున ఏల యని మనవారు అడుగవచ్చును. నాడు న్యాయస్థానములలో, సచివాలయములో, కళాశాలలలో జరుగు వ్యవహారమంతయు ఆంగ్లమే. అధికారి చెవికి సోకవలెనన్న ఆతని భాషలోనే పలుకవలసియుండెను. మద్రాసులో 1878నుండి ‘హిందూ’ పత్రిక చేసినదియు, టంగుటూరి ప్రకాశముపంతులుగారు తమ సర్వస్వమును ఒడ్డి 1921లో మద్రాసునుండి ఆంగ్లమున ‘స్వరాజ్య’ దినపత్రికను నెలకొల్పినదియు ఇందుకొఱకే. ప్రాంతీయమైన ఆంగ్లపత్రిక చదువువారు కొలదిమందియే. కాని ఆ కొలదిమందిలో జిల్లాకలెక్టరు ఉండును, న్యాయవాది ఉండును, మంత్రి ఉండును. అందుచేత దాని ప్రతుల సంఖ్యను మించి దానికి బరువు కలిగెను. దానిమీద కోపమును ఆ బరువునకు తగినట్లే ఉండెను.

సెర్చ్‌లైట్‌తో రాజేంద్రప్రసాదుగారికిని సంబంధముండెను. దాని సంపాదకులలో చిరకాలము పేరుపొందినవారు మురళీమనోహరప్రసాదుగారు. ఆయనమీద పాట్నా హైకోర్టులో కోర్టుధిక్కార వ్యాజ్యము నడచినది. 1942 ఉద్యమకాలమున పత్రిక ప్రకటన కొంతకాలము ఆగిపోయినది. ఇవన్నియు ఆంగ్లప్రభుత్వపు దినములనాటి ముచ్చటలు.

ఇందొక విశేషము గమనింపదగినది. ఆ పత్రికను స్థాపించిన సచ్చిదానంద సిన్హాగారే 1946 డిసెంబరు 9వ తేదిని ఢిల్లీలో రాజ్యాంగసభ ప్రథమముగా సమావేశమైనపుడు తాత్కాలికాధ్యక్షులుగా కూర్చుండిరి. పిదప స్థిరాధ్యక్షులైనవారు రాజేంద్రప్రసాదుగారు. వార్ధక్యముచే మంచముపట్టిన సిన్హాగారిచే సంతకము చేయించుటకై రాజ్యాంగపు ప్రతిని 1950 ఫిబ్రవరిలో పాట్నాకు కొనివచ్చిరి. ఆ మఱునెలలో ఆయన పరమపదించిరి. తాను నిలిపిన పత్రికకును, తాను సంతకము చేసిన గ్రంథమునకును నడుమ తొమ్మిదేండ్లు తిరుగకుండ వ్యాజ్యము వచ్చునని ఆయన ఊహించియుండరు.

ఇక అసలు సంగతి. 1957 మే 30వ తేదిని బీహారు శాసనసభలో మహేశ్వరప్రసాద నారాయణ సిన్హా అను సభ్యుడు ముఖ్యమంత్రి పరిపాలనను మిక్కిలి తీవ్రముగా ఖండించుచు ఉపన్యసించెను. ఎన్నికలలో ఓడిపోయిన మాజీమంత్రి ఒకరు ముఖ్యమంత్రికి ఆంతరంగికులై మంత్రివర్గ నిర్మాణములో సలహా చెప్పుచున్నారనియు, అట్టివారిని ఖాదీబోర్డునకు అధ్యక్షునిగా నియమించిరనియు ఆయన ఆరోపణ. ఉపన్యాసములోని కొన్ని భాగములను సభాపతి సభా కార్యక్రమపు లెక్కనుండి తొలగింపుడని ఉత్తరువిచ్చెను. మఱునాడు, మే 31వ తేదిని, సెర్చ్‌లైట్ పత్రిక ఆ ఉపన్యాసమును సమగ్రముగా ప్రకటించెను; తొలగించిన భాగములును అందులో వచ్చినవి.

జూను 10వ తేదిని నవలకిశోర సిన్హా అను సభ్యుడు, ఇది సభాహక్కులకు భంగమని నోటీసు ఇచ్చెను. విషయము హక్కుల సంఘమునకు పంపబడినది. ఆ సంఘము సుమారు పదునాలుగు మాసములు గడచినపిమ్మట, 1958 ఆగస్టు 18వ తేదిని, పత్రికాసంపాదకులైన పండిత ఎం. ఎస్. ఎం. శర్మగారికి నోటీసు పంపినది. సభాహక్కులకు భంగము కలిగించినందులకు మీమీద తగిన చర్య ఏల తీసికొనరాదో సెప్టెంబరు 8వ తేదిలోపుగ చెప్పుకొనుడు అని దాని తాత్పర్యము. హక్కుల సంఘమునకు అధ్యక్షులెవరు? ఏ ముఖ్యమంత్రిని గూర్చి ఆ ఉపన్యాసము నడచినదో ఆ ముఖ్యమంత్రియే.

ఇచ్చట ఆ ముఖ్యమంత్రినిగూర్చి ఒక మాట చెప్పకపోవుట న్యాయము కాదు. శ్రీకృష్ణ సిన్హాగారు సామాన్యులు కారు. స్వాతంత్ర్యసమరమున చెఱసాలలు చూచినవారు. 1946నుండి 1961లో కన్నుమూయువఱకు బీహారునకు ముఖ్యమంత్రి. గొప్ప చదువరి. తాము కూర్చుకొనిన గ్రంథములను ముంగేరు పట్టణమున ప్రజలకొఱకు గ్రంథాలయమున కిచ్చిన దాత. గ్రంథాలయ సంచికలో ఆయనను దుష్టునిగా చిత్రింప నా కలము పోదు. పుస్తకములను ప్రేమించు సత్పురుషులకుకూడ తమమీది విమర్శ మఱునాటి పత్రికలో చదువుకొనుట కష్టముగనే ఉండునని మాత్రము తోచుచున్నది.

శర్మగారు సర్వోన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. రాజ్యాంగమునందలి 19వ అధికరణము పౌరునకు వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించినది; పత్రికాస్వాతంత్ర్యము అందులోనిదే. ఎదుటిపక్షమువారికి ఆధారము 194వ అధికరణములోని మూడవ ఖండము. శాసనసభల హక్కులు ఏవో ఆ సభలే చట్టముచేసి నిర్ణయించుకొనవలెననియు, అట్లు నిర్ణయించుకొనువఱకు, రాజ్యాంగము అమలులోనికి వచ్చిననాటికి ఆంగ్లదేశపు కామన్సుసభకు ఏ హక్కులు గలవో అవే మన సభలకు నుండుననియు అందు వ్రాయబడియుండెను. కావున 1957లో పాట్నాలో అచ్చయిన కాగితము తప్పా ఒప్పా తేల్చుటకు లండను నగరపు పాతదస్త్రములు తిరుగవేయవలసివచ్చెను. మన ఇంటిహద్దు తెలిసికొనుటకు పొరుగూరి అడంగలు తీయుట వంటిది!

ఆ దస్త్రములలో ఏమున్నది? 1641లో కామన్సుసభ, తమ చర్చలను ఎవరును బయట ప్రకటింపరాదని శాసించినది. ఆ నిషేధమునకు నాడు కారణముండెను: సభలో ఎవరేమి పలికిరో రాజునకు తెలిసినచో పలికినవాని తలకు ముప్పు. అనగా ఆ గోప్యము ప్రజలనుండి దాచుటకు పుట్టినది గాదు, రాజునుండి కాచుకొనుటకు పుట్టినది. కాలక్రమమున రాజభయము పోయినది, గోప్యము మిగిలినది. 1738లో సభవారు మరల ఒక తీర్మానముచేసి, చర్చలను అచ్చువేయుట సభకు అవమానకరమనిరి. అచ్చువేయువారు ఊరకుందురా? ‘జెంటిల్మన్స్ మాగజైన్’ అను మాసపత్రిక లిల్లిపుట్ దేశపు సభావార్తలని మాఱుపేరు పెట్టి పార్లమెంటు ప్రసంగములను ప్రకటించెను. సుప్రసిద్ధ నిఘంటుకర్తయైన సామ్యూల్ జాన్సను పండితుడు కొంతకాలము ఆ పనిచేసెను. పాండవులకు అజ్ఞాతవాసము ఒక్క సంవత్సరమే. ఆంగ్లపార్లమెంటు వార్తలకు దశాబ్దములు పట్టినది.

1771లో సభవారు ముద్రాపకులను పట్టితెండని దూతలను పంపిరి. లండను మేయరు బ్రాస్ క్రాస్బీ తన నగరపరిధిలో పట్టుబడిన ముద్రాపకుని విడిపించెను. అందులకు సభవారు మేయరునే టవర్ కారాగారమునకు పంపిరి. ప్రజలు మేయరు పక్షము వహించిరి. ఆ తరువాత సభ తన తీర్మానమును రద్దుచేసికొనకయే చూచీచూడనట్లు ఊరకుండెను. పత్రికలు నిరాటంకముగ సభావార్తలు ప్రకటింపసాగినవి. 1868లో ‘టైమ్సు’ పత్రికమీద వచ్చిన వ్యాజ్యమున, సభాచర్చలను యథార్థముగా ప్రకటించుట పరువునష్టము కాదని న్యాయస్థానము తేల్చినది. కాని నిషేధము కాగితముమీద అట్లే నిలిచియుండెను. ఆ పాత కాగితమే పాట్నాలో ఆయుధమైనది.

1958 డిసెంబరు 12వ తేదిని సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయిదుగురు న్యాయమూర్తులు. ప్రధానన్యాయమూర్తి ఎస్. ఆర్. దాసుగారును, తక్కిన మువ్వురును ఒక పక్షము. కామన్సుసభకు తన చర్చల ప్రకటనను నిషేధించు అధికారము 1950 నాటికి కలదనియు, యథార్థమైన వార్తనే నిషేధింపగలిగినపుడు తొలగించిన మాటలను ప్రకటించుటను నిషేధింపగలుగుట చెప్పనేల యనియు వారు నిర్ణయించిరి. వాక్స్వాతంత్ర్యము సామాన్యవిధి, సభాహక్కులు విశేషవిధి. విశేషమునకు సామాన్యము ఒదుగవలెననిరి. ముఖ్యమంత్రి అధ్యక్షతను గూర్చిన అభ్యంతరమునకు, ఆ సంఘములో అన్ని పక్షములవారును ఉందురు గనుక సంఘమంతయు దురుద్దేశముతో వర్తించునని తలంప వీలులేదనిరి. సంపాదకుని మొఱ త్రోసివేయబడెను.

ఆ తీర్పులోని ఒక వాక్యార్థము నన్ను విడువక వెంటాడినది. సభాపతి ఒక భాగమును తొలగించినచో, చట్టము దృష్టిలో ఆ మాటలు పలుకబడనే లేదని భావింపవచ్చునట. కావున పలికినదంతయు ఉన్నదున్నట్లు ప్రకటించిన వార్త, నిజమైనను, చట్టము దృష్టిలో వక్రమైన వార్తయే కావచ్చునట!

నేను లెక్కలు వ్రాసి పొట్టపోసికొనువాడను. మా వృత్తిలో మొదట నేర్పు పాఠమేమనగా, పద్దు తప్పుపడినచో గీకరాదు, చెరుపరాదు, మీద సిరా పూయరాదు. ఎఱ్ఱసిరాతో ఒక గీత గీసి, సరియైన అంకె పైన వ్రాసి, ప్రక్కన పొడిసంతకము చేయవలెను. క్రింది అంకె కనబడుచుండవలెను. ఏల? తనిఖీకి వచ్చినవాడు ముందు ఏముండెనో, ఎవరు కొట్టివేసిరో చూడవలెను గనుక. చిట్టాలో ఒక పద్దు గీకబడినదన్న ఆ పద్దునుగూర్చియే మొదటి అనుమానము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున లెక్కల కార్యాలయమైన అక్షపటలమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, లెక్క తాఱుమాఱుచేసిన ఉద్యోగికి దండనలు విధించెను. సభాకార్యక్రమముకూడ ఒక చిట్టాయే. దానికి యజమానులు వోటర్లు. సభ తన పుస్తకమునుండి ఒక మాటను తొలగించుకొనవచ్చును. అందు నాకు పేచీలేదు. ఎదుటలేని వ్యక్తిని, తిరిగి బదులుచెప్పు అవకాశములేనివానిని, సభారక్షణచాటున నిందించుట కలదు, బూతులాడుటయు కలదు, అట్టివానిని పుస్తకమున నిలుపుట మర్యాద కాదు. కాని విన్నవానితో నీవు వినలేదని ఒప్పుకొమ్మనుట వేఱు.

ఆ అయిదవ న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. 1902లో రాజమహేంద్రవరమున జన్మించి, మద్రాసులో న్యాయవాదియై, 1954లో ఆంధ్ర హైకోర్టునకు తొలి ప్రధానన్యాయమూర్తియై, 1958 జనవరి కడపట ఢిల్లీకి వెళ్లినవారు. ఆ పీఠమెక్కి సంవత్సరము నిండకయే నలుగురితో విభేదించి తీర్పు వ్రాసిరి. ఆయన చెప్పినది రెండు మాటలు. ఒకటి: కామన్సుసభ హక్కులను 1641నాటి కాగితమునుబట్టి కాక 1950నాటి వాస్తవమునుబట్టి చూడవలెను, ఆనాటికి రహస్యసమావేశముల సంగతి తప్ప, యథార్థమైన వార్తల ప్రకటనను నిషేధించు హక్కు ఆ సభకు లేదు, తొలగించిన మాటలనుగాని వక్రీకరించినవానినిగాని దురుద్దేశముతో ప్రకటించినచో దానిని అడ్డు పరిమితమైన హక్కు మాత్రమే కలదు. రెండవది: ఎట్లైనను, సభాహక్కులకును పౌరుని ప్రాథమికహక్కునకును పోరాటము వచ్చినపుడు ప్రాథమికహక్కునకే పైచేయి.

ఆయన ఇంకొక చిక్కునుకూడ విప్పిచూపిరి. సభలు తమ హక్కులను నిర్ణయించుచు చట్టము చేసినచో ఆ చట్టము ప్రాథమికహక్కులకు లోబడవలెనని ప్రధానన్యాయమూర్తి పక్షమువారును ఒప్పుకొనిరి. చట్టము చేయనంతవఱకు అరువు దెచ్చిన హక్కులు ప్రాథమికహక్కులను లెక్కచేయనక్కఱలేదట. అనగా వ్రాసికొనిన హక్కుకంటె వ్రాసికొనని హక్కు బలవత్తరము! ఇట్టి ఏర్పాటు ఉన్నంతవఱకు ఏ సభ తన హక్కులను కాగితముమీద పెట్టుకొనును? దస్తావేజు లేనివానికే ఎక్కువ భూమి దక్కునన్నచో రిజిస్ట్రారు కచ్చేరికి ఎవడు పోవును?

సభాపర్వము చదివినవారికి ఈ ఘట్టమున వికర్ణుడు జ్ఞప్తికి రాకమానడు. ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్మద్రోణాదులు నీళ్లు నమలుచుండగా, కౌరవులలోనే ఒకడు లేచి, ఆమె జయింపబడలేదని నిర్భయముగా పలికెను. కర్ణుడు వానిని బాలుడవని గద్దించెను. సభ వాని మాట స్వీకరింపలేదు. అయినను వ్యాసభగవానుడు ఆ పలుకులను గ్రంథమునుండి తొలగింపలేదు; నన్నయభట్టారకుడు తెనిగించినపుడును తొలగింపలేదు. పోలిక పూర్తిగా అతుకదని నేనెఱుగుదును. సర్వోన్నత న్యాయస్థానము ద్యూతసభ కాదు. నలుగురు న్యాయమూర్తులును ధర్మబుద్ధితోనే ఆలోచించిరి. సభ్యులు భయములేక మాటలాడుటకు సభకు గట్టిరక్షణ ఉండవలెనన్నది వారి చింత. అది త్రోసిపుచ్చదగిన చింత కాదు. నాకు సుబ్బారావుగారి త్రోవయే సరియైనదని తోచుచున్నది. అది తెలుగువాడను గనుక కాదని నమ్ముచున్నాను.

శర్మగారు మఱియొకసారి అదే న్యాయస్థానమునకు పోయిరి. 1960లో ఆ మొఱయు త్రోసివేయబడినది. ఒకసారి తేలినదానిని మరల తిరుగదోడ వీలులేదనిరి. 1964లో ఉత్తరప్రదేశపు శాసనసభ కేశవసింగు అను పౌరుని చెఱకు పంపగా, ఆతనికి జామీను ఇచ్చిన న్యాయమూర్తులనే సభయెదుటికి పట్టితెమ్మని ఆజ్ఞాపించినపుడు, రాష్ట్రపతి సర్వోన్నత న్యాయస్థానపు సలహా కోరిరి. ఏడుగురు న్యాయమూర్తులలో సుబ్బారావుగారును ఉండిరి. సభ శిక్షించిన పౌరుడు న్యాయస్థానము తలుపు తట్టవచ్చునని ఆ పీఠము చెప్పెను. ప్రాణస్వేచ్ఛలను రక్షించు 21వ అధికరణము సభలకును వర్తించుననెను. కాని పత్రికాస్వాతంత్ర్యమును గూర్చి 1958లో చెప్పినదానిని కదపలేదు. సుబ్బారావుగారు 1966లో భారత ప్రధానన్యాయమూర్తియైరి.

పార్లమెంటు వార్తలకు వేఱొక కవచము ఉండెను. ఫిరోజ్ గాంధీగారు పట్టుపట్టి 1956లో చేయించిన చట్టముచే, ఉభయసభల చర్చలను దురుద్దేశము లేక యథార్థముగా ప్రకటించు పత్రికను న్యాయస్థానములకు ఈడ్వరాదు. అది ఢిల్లీ సభలకే కాని రాష్ట్రముల సభలకు వర్తింపదు. అత్యయికపరిస్థితికాలమున, 1975 డిసెంబరులో, ఆ చట్టమును రద్దుచేసిరి. అప్పటికి ఫిరోజ్ గాంధీగారు గతించి పదునైదేండ్లు. రద్దుచేసిన ప్రభుత్వమునకు అధినేత్రి ఆయన భార్యయే. 1977లో అది మరల వచ్చినది. 1978నాటి 44వ రాజ్యాంగసవరణముచే ఆ రక్షణ రాష్ట్రసభల వార్తలకును విస్తరింపబడి రాజ్యాంగములోనే చేరినది. అదే సవరణమున 194వ అధికరణమునుండి కామన్సుసభ పేరును తొలగించిరి. పేరు పోయినదేకాని సరకు పోలేదు. సవరణకు ముందు ఏ హక్కులు గలవో అవే కొనసాగునని వ్రాసికొనిరి. విచిత్రమేమనగా, ఎవరి పాతకాగితము మనకు ప్రమాణమైనదో ఆ కామన్సుసభ 1971లోనే, చర్చల ప్రకటనను ధిక్కారముగా పరిగణింపబోమని తీర్మానించుకొనెను.

మన రాష్ట్రమునకును ఈ సెగ తగిలినది. 1983లో శాసనమండలిలో జరిగిన గొడవను గూర్చి ‘ఈనాడు’ పెట్టిన శీర్షిక సభ్యులకు కోపకారణమై, సంపాదకులను సభకు రప్పింపవలెనను ఉత్తరువువఱకు పోయినది. 1984లో సర్వోన్నత న్యాయస్థానము ఆ అరెస్టును నిలిపివేసినది. 1985లో మండలియే రద్దయినది; 2007లో మరల ఏర్పడినది. 2003 నవంబరులో తమిళనాడు శాసనసభ ‘హిందూ’ పత్రికకు చెందిన అయిదుగురికి పదునైదు దినముల చెఱ విధించినది. అప్పుడును సర్వోన్నత న్యాయస్థానమే అడ్డుపడినది. రాజ్యాంగపు పనితీరును సమీక్షించుటకు ఏర్పడిన వెంకటాచలయ్యగారి సంఘము, సభాహక్కులను చట్టరూపమున నిర్వచింపవలెనని 2002లో సూచించెను. సభలు ఆ పనికి పూనుకొనలేదు. ఇక నేటి సంగతి వేఱు: సభాచర్చలు జరుగుచుండగనే దృశ్యప్రసారమగుచున్నవి. సభాపతి తొలగింపుడనునప్పటికి ఆ మాట ఊరూర వినబడి, చేతిఫోనులలో నిలిచిపోయియుండును. చట్టము దృష్టిలో అది పలుకబడని మాటయే.

సెర్చ్‌లైట్ పత్రికకు సభవారి నోటీసుకంటె ఘోరమైన ఆపద వేఱొకవైపునుండి వచ్చినది. 1974 మార్చి 18వ తేదిని పాట్నాలో విద్యార్థుల ఆందోళన చెలరేగిననాడు అల్లరిమూకలు ఆ పత్రికాకార్యాలయమునకును, దాని జంటయైన ‘ప్రదీప్’ హిందీపత్రిక కార్యాలయమునకును నిప్పుపెట్టిరి. పత్రికకు శత్రువు ప్రభుత్వమొక్కటే అనుకొనువారు ఆ దినమును మఱువరాదు. పత్రిక మరల లేచినది. మరి పండ్రెండేండ్లు నడచినది. 1986లో సెర్చ్‌లైట్ పేరు అంతరించి, దాని స్థానమున ఢిల్లీ ‘హిందూస్థాన్ టైమ్సు’ పత్రికయొక్క పాట్నాప్రతి వెలువడసాగెను. ఆ పేరు ఇప్పుడు న్యాయశాస్త్రము చదువు విద్యార్థులకే తెలియును. 1958నాటి తీర్పును వారు సెర్చ్‌లైట్ వ్యాజ్యమనియే పిలుతురు.

ఆ తీర్పు 1959నాటి సర్వోన్నత న్యాయస్థాన తీర్పుల సంపుటమున అచ్చయియున్నది. ఆనాడు మహేశ్వరప్రసాద నారాయణ సిన్హాగారు సభలో దేనినిగూర్చి మాటలాడిరో, ఓడిన మాజీమంత్రి సంగతి, ఖాదీబోర్డు సంగతి, సంపాదకుని మొఱలో చెప్పుకొనినట్లుగా ఆ తీర్పు మొదటి పుటలలోనే వ్రాయబడియున్నది. దేశములోని ప్రతి న్యాయగ్రంథాలయమునందును ఆ సంపుటము దొరకును.